కమ్యూనిటీ కాలేజీలో తొలి ప్రోగ్రామింగ్ క్లాసు: పైథానా, జావానా, సీ ప్లస్ ప్లస్సా?

“వదినా, పైథాన్ తీసుకోనా, సీ ప్లస్ ప్లస్ తీసుకోనా?”

ఏటా ఆగస్టు వచ్చిందంటే నాకు ఈ ఫోను తప్పదు. ఓసారి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద కొత్తగా వచ్చిన అమ్మాయి అడుగుతుంది. ఓసారి హైస్కూలు పిల్లాడి కోసం వాళ్లమ్మ అడుగుతుంది. మరోసారి సివిల్ ఇంజినీరింగు చదివి ఇక్కడికొచ్చి లైను మారదామనుకుంటున్న తమ్ముడు అడుగుతాడు. నేను వెంటనే జవాబు చెప్పను. “సరే, దాని తర్వాత ఏ క్లాసు తీసుకుంటావు?” అని అడుగుతాను. చాలామంది అంతదాకా ఆలోచించి ఉండరు.

నేనూ ఆలోచించలేదు. గుంటూరులో బీకాం చేసి వచ్చినదాన్ని. ఇక్కడ ఒక కాలేజీలో మొదటి క్లాసు పైథాన్‌లో చేశాను, ‘ఏ’ గ్రేడు వచ్చింది. ఆ ఊపులో రెండో క్లాసు కోసం వెతికితే, పిల్లను ఆయనకు అప్పజెప్పి వెళ్లగలిగే సాయంత్రం వేళకి దొరికింది ఇంకో కాలేజీలో, అదీ సీ ప్లస్ ప్లస్‌లో. దానికి ముందు సీ ప్లస్ ప్లస్ మొదటి క్లాసు పాసై ఉండాలన్నారు. నా ‘ఏ’ గ్రేడు చూపించి కౌన్సెలర్ని బతిమాలాను, కుదరలేదు. రూలు రూలే, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. మళ్లీ వేరియబుల్ అంటే ఏమిటి, లూప్ అంటే ఏమిటి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఒక టర్ము అలా పోయింది. అందుకే ఎవరడిగినా ఇదే చెప్తాను: మొదటి క్లాసును దాని వరసలో వచ్చే మూడో క్లాసు చూసి ఎంచుకోండి.

ఇక్కడ రాసేదంతా కాలిఫోర్నియా గురించి, అందులోనూ శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసేల చుట్టుపక్కల ఉన్న మా బే ఏరియా గురించి. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, అంటే తక్కువ ఫీజుతో డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీలు. అన్నిటికీ ఫీజు పద్ధతి ఒకటే కానీ క్లాసుల వరస మాత్రం దేనిది దానిదే. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి ఆలోచించే తీరు పనికొస్తుంది గానీ నంబర్లు, ఫీజులు పనికిరావు.

ముందు పేరు సరిగ్గా చదవండి

కేటలాగులో “ఇంట్రడక్షన్” అనే మాట కనబడగానే చేరిపోయేవాళ్లని చాలామందిని చూశాను. ఈ మాట వెనక రెండు రకాల క్లాసులుంటాయి. ఒకటి కంప్యూటర్ వాడకం నేర్పేది: ఎక్సెల్, వర్డ్, ఇంటర్నెట్, వ్యాపారంలో కంప్యూటర్ల పాత్ర. రెండోది ప్రోగ్రామింగ్ నేర్పేది. మొదటి రకం చెడ్డదని అనను. బీకాం చదివి అకౌంట్స్ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి అదే ఎక్కువ పనికొస్తుంది. కానీ కంప్యూటర్ సైన్సు డిగ్రీకి వెళ్లాలనుకునేవాళ్లకి దానివల్ల ఒక్క మెట్టు కూడా కలిసిరాదు. వివరణలో “లూప్‌లు, ఫంక్షన్లు, అర్రేలు” అనే మాటలుంటే అది ప్రోగ్రామింగ్ క్లాసు. “స్ప్రెడ్‌షీట్, ప్రెజెంటేషన్” అని ఉంటే కాదు. ఈ ఒక్క వివరణ చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఆ తర్వాత వరస చూడాలి. దీనికి లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీ నంబర్లు మంచి ఉదాహరణ. అక్కడ సీఎస్ (కంప్యూటర్ సైన్స్) 1ఏ, 1బీ, 1సీ జావా. 2ఏ, 2బీ, 2సీ సీ ప్లస్ ప్లస్. 3ఏ, 3బీ పైథాన్. అంకె భాషను చెప్తుంది, అక్షరం మెట్టును చెప్తుంది. సీ అనే అక్షరం దగ్గరికి వచ్చేసరికి డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని పేర్చి దాచుకునే పద్ధతులు), ఆల్గరిథమ్‌లు. మీరు ఒకటో అంకె పట్టుకుంటే చివరిదాకా ఒకటో అంకెతోనే పోతారు.

అదే కాలేజీ డిస్ట్రిక్టులోని కూపర్టినో కాలేజీ డీ ఆన్జా. అక్కడ నంబర్లు ఇంత సులువుగా అర్థం కావు. సీఐఎస్ (కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) 22ఏ, 22బీ సీ ప్లస్ ప్లస్, ఆపైన 22సీ డేటా స్ట్రక్చర్లు. 36ఏ, 36బీ జావా. 40 అంటే పైథాన్‌తో మొదలుపెట్టే క్లాసు, 41ఏ, 41బీ పైథాన్‌లో ఇంకా ముందుకి. నంబర్లు మారుతుంటాయి, కాబట్టి చేరే ఏడాది కేటలాగు దగ్గర పెట్టుకోండి. చూడాల్సింది మాత్రం ఒకటే: 22సీ లాంటి డేటా స్ట్రక్చర్ల క్లాసుకి వెళ్లే దారి ఏ మొదటి క్లాసు నుంచి మొదలవుతోంది? ఏ యూనివర్సిటీ అయినా, ఏ ఇంటర్వ్యూ అయినా చివరికి అడిగేది డేటా స్ట్రక్చర్లే.

మూడు భాషల మధ్య తేడా, ఒక జ్వరం లెక్కతో

భాషల గురించి గంటలు మాట్లాడొచ్చు. ఒక చిన్న లెక్క చూపిస్తాను. ఇక్కడి థర్మామీటర్లు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి కదా. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి జ్వరం ఎంతో చెప్పాలంటే సెల్సియస్‌లోకి మార్చాలనుకుందాం. సూత్రం ఇది:

5 / 9 * (98.6 - 32)

పైథాన్‌లో ఇది ఉన్నదున్నట్టు రాస్తే 37 వస్తుంది. మనం స్కూల్లో చేసుకున్న లెక్క ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఇదే సీ ప్లస్ ప్లస్‌లో రాయండి, సున్నా వస్తుంది. జావాలోనూ సున్నాయే. ఎందుకంటే ఆ రెండూ 5ని 9తో భాగించేటప్పుడు “రెండూ పూర్ణాంకాలే కదా, జవాబూ పూర్ణాంకమే” అనుకుంటాయి. భిన్నం మొత్తం ఎగిరిపోతుంది, సున్నాతో ఏది గుణించినా సున్నాయే. 5 బదులు 5.0 అని రాస్తే సరైపోతుంది. నా రెండో మొదటి క్లాసులో ఈ సున్నా ముందు రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నాను. సూత్రం తప్పేమోనని గూగుల్‌లో మూడుసార్లు చూశాను కూడా.

ఇంకో తేడా. నాలుగు సబ్జెక్టుల మార్కులున్న జాబితా ఉంది, మీరు పొరపాటున ఐదో సబ్జెక్టు అడిగారు. పైథాన్ అక్కడే ఆగి, ఫలానా లైనులో హద్దు దాటావని చెప్తుంది. జావా కూడా అంతే, కాకపోతే ఎర్రర్ సందేశం చాంతాడంత ఉంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు అర్రే (జాబితా) వాడితే ఎవరూ ఆపరు. పక్కన మెమరీలో ఏ చెత్త ఉంటే అది మార్కులని చూపిస్తుంది. ఒక్కోసారి మీ ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసి, టీచరు కంప్యూటర్‌లో కూలిపోతుంది. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో టర్బో సీ నీలం తెర ముందు కూర్చున్నవాళ్లకి ఈ బాధ గుర్తుండే ఉంటుంది.

దీన్నిబట్టి పైథాన్ తేలిక, సీ ప్లస్ ప్లస్ కష్టం అని తేల్చెయ్యకండి. పైథాన్ మీ తరఫున చాలా పనులు చేసి పెడుతుంది, కాబట్టి మొదటి రెండు వారాల్లోనే ఏదో ఒకటి పనిచేసే ప్రోగ్రామ్ చేతికొస్తుంది. ఆ ఉత్సాహం విలువ తక్కువది కాదు. కానీ పైథాన్ నుంచి సీ ప్లస్ ప్లస్‌కి వెళ్లేవాళ్లకి రెండో అడుగు నిటారుగా ఉంటుంది. సీ ప్లస్ ప్లస్ నుంచి పైథాన్‌కి దిగేవాళ్లకి ఒక వారాంతం చాలు. జావా మధ్యలో ఉంటుంది. “పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్” అనే వరసని అర్థం తెలియకుండానే ఆంజనేయ దండకంలా నెల రోజులు వల్లించాలి, ఆ తర్వాత క్లాసులు, ఆబ్జెక్టులు అనే పద్ధతి మాత్రం శుభ్రంగా వంటబడుతుంది.

ఎక్కడికి వెళ్తారు?

మొదటి రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీ డిగ్రీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే ఆలోచన ఉంటే భాష మీరు ఎంచుకునేది కాదు, మీరు వెళ్లే యూనివర్సిటీ ఎంచుకునేది. శాన్ హోసే స్టేట్‌లో మొదటి రెండు క్లాసులు 46ఏ, 46బీ జావాలో నడుస్తాయి. యూసీఎల్‌ఏలో 31, 32 సీ ప్లస్ ప్లస్‌లో. బర్కిలీలో 61ఏ పైథాన్, 61బీ జావా. ఒకే రాష్ట్రంలో ఇన్ని దారులు. “నా కజిన్ పైథాన్ తీసుకున్నాడు, నేనూ తీసుకుంటా” అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

చూడాల్సిన చోటు అసిస్ట్ డాట్ ఆర్గ్. ప్రభుత్వ యూనివర్సిటీలకూ కమ్యూనిటీ కాలేజీలకూ మధ్య ఏ క్లాసు దేనికి సమానమో అధికారికంగా అక్కడే ఉంటుంది. మీ కాలేజీ, వెళ్లాలనుకునే యూనివర్సిటీ, విద్యా సంవత్సరం, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే రెండు నిలువు వరసల పట్టిక వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే క్లాసు, కుడివైపు మీ కాలేజీలో దానికి సరితూగేది. రెండు చోట్ల జాగ్రత్త. కుడివైపు రెండు క్లాసుల మధ్య “అండ్” అని ఉంటే రెండూ చేస్తేనే ఎడమవైపుది ఒకటి తీరుతుంది. ఒకటి చేసి ఆగితే ఆ క్లాసు లెక్కలోకి రాదు. “ఆర్” అని ఉంటే ఏదో ఒకటి చాలు. కుడివైపు “నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్” అని ఉంటే దానికి సమానమని ఒప్పుకున్న క్లాసు మీ కాలేజీలో లేదన్నమాట. పక్క కాలేజీ పేరు పెట్టి మళ్లీ చూడండి. ఫుట్‌హిల్‌లో ఒకటి, డీ ఆన్జాలో ఒకటి తీసుకునేవాళ్లు బోలెడుమంది. అయితే ఒకే వరసను రెండు కాలేజీల మధ్య చీల్చేముందు నా కథ గుర్తు చేసుకోండి.

ట్యాగ్ అని ఒక పథకం ఉంది, చెప్పిన గ్రేడ్లు, చెప్పిన క్లాసులు పూర్తిచేస్తే సీటు ఖాయం అనే ఒప్పందం. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీలే (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లే) ఇస్తాయి. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగో ఇవ్వవు. ఇచ్చే ఆరింట్లోనూ కంప్యూటర్ సైన్సుకి ఇస్తారో లేదో ఆ ఏడాది జాబితా చూసుకోవాలి. అది చూడకుండా “ట్యాగ్ ఉంది కదా” అని ధీమాగా ఉండకండి.

ఇంకో మాట. ప్రోగ్రామింగ్ వరస కంటే లెక్కల వరస పొడుగు. డీ ఆన్జాలో కాల్‌క్యులస్ 1ఏ నుంచి 1డీ దాకా నాలుగు క్లాసులు, లీనియర్ ఆల్జీబ్రాకి 2బీ, డిస్క్రీట్ మ్యాథ్స్‌కి 22. ప్రోగ్రామింగ్ మూడు టర్ముల్లో అయిపోయినా లెక్కలు ఇంకా సగంలో ఉంటాయి. డిగ్రీ లక్ష్యమైతే మొదటి టర్ములోనే లెక్కలు మొదలుపెట్టండి.

ఎవరికి ఏది

హైస్కూలు పిల్లలకి: పార్ట్‌టైమ్‌గా చేరితే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఉండదు. స్కూలు కౌన్సెలర్, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. రిజిస్ట్రేషన్‌లో వీళ్ల వంతు చివర్లో వస్తుంది. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కంప్యూటర్ సైన్స్ ఏ, అంటే జావాలో చెప్పే కోర్సు, చదివిన పిల్లాడు జావా మొదటి క్లాసు తీసుకుంటే చదివిందే చదివినట్టు. వాడికి సీ ప్లస్ ప్లస్ గానీ, అర్హత చూపించి జావా రెండో క్లాసు గానీ మేలు. తల్లిదండ్రులు మర్చిపోయే సంగతి ఇంకోటుంది: ఇక్కడ వచ్చే గ్రేడు కాలేజీ గ్రేడు. రేపు యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు చూపించాల్సిందే. పియానో, టెన్నిస్, రోబోటిక్స్ మధ్యలో ఇరికించి ‘సీ’ గ్రేడు తెచ్చుకునే బదులు ఒక ఏడాది ఆగితే నష్టం లేదు. ఈ మాట చెప్పి ఇద్దరు అక్కయ్యలతో మాటలు తగ్గాయి, ఏం చేస్తాం.

హెచ్4 మీద ఉన్నవాళ్లకి: చదువుకోవడానికి వీసా మార్చుకోనక్కర్లేదు, పార్ట్‌టైమ్ అయినా ఫుల్‌టైమ్ అయినా. ఉద్యోగం మాత్రం ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) ఉంటేనే. ఈఏడీ వచ్చేదాకా ఖాళీగా ఉండడం దేనికి అనుకునేవాళ్లకి ఈ క్లాసుల కంటే చవకైన దారి నాకు కనబడలేదు. వాళ్లలో డిగ్రీ అక్కర్లేదు, డేటా అనలిస్ట్ లాంటి ఉద్యోగం చాలు అనుకునేవాళ్లకి పైథాన్ నిస్సంకోచంగా చెప్తాను. డీ ఆన్జాలో అయితే 40, 41ఏ చేసి పక్కన డేటాబేస్ క్లాసొకటి. వాళ్లకి సీ ప్లస్ ప్లస్ పాయింటర్లతో (మెమరీ చిరునామాల లెక్కలతో) పనిలేదు.

బీటెక్ చేసి లైను మారేవాళ్లకి: జేఎన్‌టీయూలోనో ఉస్మానియాలోనో ఫస్టియర్‌లో సీ చదివి ఉంటారు. ట్రాన్స్‌క్రిప్టులు ఇక్కడి ఏజెన్సీతో మూల్యాంకనం చేయించి, మొదటి క్లాసు మినహాయించమని అడగొచ్చు. అది డబ్బూ, టైమూ తినే పని. నా సలహా వేరు. ఒక సాయంత్రం కూర్చుని, ఏమీ చూడకుండా, పది అంకెల్లో పెద్దది వెతికే ప్రోగ్రామ్ రాయండి. రాయగలిగితే మినహాయింపు కోసం తిరగండి. చేతులు ఆగిపోతే మొదటి క్లాసులోనే కూర్చోండి, పోయేది నూట నలభై డాలర్లు.

ఎటు వెళ్లాలో ఇంకా తేలనివాళ్లకి: వారానికి పదిహేను గంటలు నిజంగా దొరికితే సీ ప్లస్ ప్లస్. ఎనిమిదికి మించి దొరకవంటే పైథాన్. చాలామంది తమకి పదిహేను దొరుకుతాయనే అనుకుంటారు. గత వారం క్యాలెండర్ తీసి చూసుకోండి.

ఫీజు, క్యాలెండరు

ఫీజు యూనిట్ల లెక్కన, అంటే క్లాసు బరువును బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా నివాసులకి సెమిస్టర్ కాలేజీల్లో యూనిట్‌కి 46 డాలర్లు, క్వార్టర్ కాలేజీల్లో 31. ఫుట్‌హిల్, డీ ఆన్జాల్లో ప్రోగ్రామింగ్ క్లాసు 4.5 యూనిట్లు, అంటే 139.50. సెమిస్టర్ కాలేజీలో 4 యూనిట్ల క్లాసు 184. చిల్లర ఫీజులు దీనిపైన. నివాసి అనిపించుకోవాలంటే ఏడాదీ ఒక రోజు ఇక్కడ ఉండి, ఇక్కడే ఉండే ఉద్దేశం కాగితాలతో చూపించాలి. హెచ్4 వాళ్లు నివాసులు కాగలరు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్లు కాలేరు. నాన్ రెసిడెంట్ ఫీజు కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టి వచ్చి ఎనిమిది నెలలే అయినవాళ్లు నాలుగు నెలల పైన ఆగి చేరితే ఆ తేడా మిగులుతుంది. ఈలోపు హార్వర్డ్ వాళ్ల సీఎస్50 అనే తొలి కంప్యూటర్ సైన్సు క్లాసు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడండి. యూనిట్లు రావు గానీ మీకిది సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది.

క్వార్టర్ అంటే దాదాపు 12 వారాలు. మూడు క్లాసుల వరస ఫాల్, వింటర్, స్ప్రింగ్‌లలో ఒకే విద్యా సంవత్సరంలో తేలిపోతుంది. నాలుగో వారానికే మిడ్‌టర్మ్ వచ్చి కూర్చుంటుంది, ఒక వారం జ్వరం వస్తే కోలుకోవడం కష్టం. శాంటా క్లారాలోని మిషన్, ఫ్రీమాంట్‌లోని ఓలోని, లివర్‌మోర్‌లోని లాస్ పొసిటాస్, శాన్ రామోన్‌లో కూడా క్యాంపస్ ఉన్న డయాబ్లో వ్యాలీ, ఇవన్నీ సెమిస్టర్. అదే వరసకి ఏడాదిన్నర పడుతుంది, ఊపిరి తీసుకునే వీలుంటుంది. చంటిపిల్లలున్నవాళ్లకి నేను సెమిస్టరే చెప్తాను. మా బే ఏరియాలోని డబ్లిన్‌లో ఉండి కూపర్టినోకి పరుగెత్తనక్కర్లేదు.

సమ్మర్‌లో 6 వారాల క్లాసు చూసి ముచ్చటపడకండి. అప్పటికే ఒక భాష వచ్చినవాళ్లు రెండో భాషకి తీసుకుంటే బాగానే ఉంటుంది. కొత్తవాళ్లకి లూప్ అర్థమయ్యేలోపు ఫైనల్ పరీక్ష వచ్చేస్తుంది.

ఆన్‌లైన్ క్లాసుల్లోనూ రెండు రకాలు. జూమ్‌లో ఫలానా గంటకి హాజరవ్వాల్సినవి, రికార్డింగులు చూసుకుంటూ మన వేళకి చేసుకునేవి. రెండో రకం సుఖంగా కనబడుతుంది, అందులోనే ఎక్కువమంది జారిపోవడం చూశాను. మొదటి క్లాసు మాత్రం వీలుంటే గదిలో కూర్చుని చేయండి. ల్యాబులో పక్కవాడి తెర మీద అదే ఎర్రర్ కనబడితే సగం భయం పోతుంది. చాట్‌జీపీటీ విషయంలో టీచరుకో రూలు. సిలబస్ మొదటి పేజీలోనే ఉంటుంది, చదవండి. కోడ్ కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ కొత్తదేం కాదు, స్టాన్‌ఫర్డ్ సర్వర్ మీద నడిచే మాస్ అనేది 1994 నాటిది. వేరియబుల్ పేర్లు మార్చినంత మాత్రాన దాన్ని తప్పించుకోలేరు.

క్లాసు నిండిపోయిందని కనబడితే వదిలెయ్యకండి, వెయిట్‌లిస్టులో పేరు పెట్టండి. మొదటి వారం తప్పకుండా హాజరై, టీచరుని యాడ్ కోడ్ (నిండిన క్లాసులో చేరనిచ్చే నంబరు) అడగండి. రాకుండా పోయినవాళ్ల సీట్లు ఆ వారంలోనే ఖాళీ అవుతాయి. అలాగే మీకు నచ్చకపోతే రికార్డులో డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడకుండా డ్రాప్ అయ్యే తేదీ టర్ము మొదట్లోనే ఉంటుంది. చేరిన రోజే అది ఫోన్‌లో రాసుకోండి, తర్వాత మర్చిపోతారు. ఆ తేదీకి ఒక రోజు ముందు అలారం, ఇల్లంతా నిద్రపోయాక మోగేలా పెట్టుకోండి. పగలు మోగితే ఆఫ్ చేసి కూర పోపులో పడిపోతాం.